ఆక్సిమీటర్ 85 దగ్గరే ఎందుకు ఆగుతుంది?

ఒక పాఠకురాలు అడిగారు: "వేలికి పెట్టుకునే ఆక్సిమీటర్ కూర్చున్నప్పుడు 98 చూపిస్తోంది. చెయ్యి ఊపుతూ నడిస్తే 85కి పడిపోతోంది. ఆగగానే మళ్లీ 98. తేడా నాలోనా, మెషీన్‌లోనా?"

ఆక్సిమీటర్ చూపే అంకె రక్తంలో ఆక్సిజన్ శాతం. చెయ్యి కదలకుండా పట్టుకున్నప్పుడు కూడా 85 అలాగే ఉన్నా, ఆయాసంగా అనిపించినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కొన్ని ఊపిరితిత్తుల జబ్బుల్లో నడిచినప్పుడు ఆక్సిజన్ నిజంగానే పడిపోతుంది. కానీ చెయ్యి ఆపిన క్షణంలోనే అంకె 98కి ఎగబాకుతోందంటే అది చాలావరకు కదలిక చేసిన మాయే. ఈ ప్రశ్నలో నన్ను పట్టేసింది మాత్రం ఆ 85. అరవై కాదు, డెబ్బై మూడు కాదు, సరిగ్గా 85 చుట్టుపక్కలే ఎందుకు? వాచీలు, ఉంగరాలు, వేలి క్లిప్పులు మన ఒంటి గురించి చెప్పే సగం సంగతులు ఈ ఒక్క అంకెను విప్పితే అర్థమవుతాయి.

ఒక గదిలో దీపం వెలుగుతోంది. మీరు బయట ఉన్నారు, మధ్యలో తెర ఉంది. అది ఎంత మందమో మీకు తెలీదు. లోపల ఎవరో దీపం ముందు ఒక రంగు అద్దాన్ని సెకనుకోసారి అడ్డం పెడుతూ తీస్తున్నారు. ఆ అద్దం రంగేమిటో మీరు బయటి నుంచే చెప్పాలి. తెర అంటే చర్మం, ఎముక, కండ, కదలకుండా ఉన్న రక్తం. అద్దం అంటే గుండె కొట్టుకున్న ప్రతిసారీ ధమనుల్లోకి కొత్తగా వచ్చిపడే కాస్త రక్తం. బయటికొచ్చే వెలుగులో ఈ అద్దం వల్ల వచ్చే హెచ్చుతగ్గు మామూలుగా ఒకటి రెండు శాతం. మిగతాదంతా తెర పనే.

తెర మందం తెలీకుండా అద్దం రంగు తెలిసేదెలా? వెలుగు ఎంత వచ్చిందని చూడకూడదు, వచ్చిన వెలుగులో ఎన్నో వంతు ఊగుతోందని చూడాలి. తెర రెట్టింపు మందమై వెలుగు సగానికి పడిపోతే ఊగే భాగం కూడా సగమే అవుతుంది. రెంటి నిష్పత్తి మారదు. లెక్కలోంచి తెర మాయం!

ఇప్పుడు రెండు దీపాలు పెడదాం. ఒకటి 660 నానోమీటర్ల ఎరుపు, ఇంకోటి కంటికి కనిపించని 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్. ఆక్సిజన్ నిండిన హీమోగ్లోబిన్ ఎరుపును బాగా పోనిస్తుంది, ఇన్‌ఫ్రారెడ్‌ను కాస్త ఎక్కువ మింగుతుంది. ఆక్సిజన్ వదిలేసింది దీనికి తలకిందులు. ఎరుపులో ఊగే శాతాన్ని ఇన్‌ఫ్రారెడ్‌లో ఊగే శాతంతో భాగిస్తే ఒక సంఖ్య వస్తుంది, దాన్ని R అంటారు. పాఠ్యపుస్తకాల్లో ఉండే ఉజ్జాయింపు సూత్రం: ఆక్సిజన్ శాతం = 110 − 25R. ఎరుపు 1 శాతం, ఇన్‌ఫ్రారెడ్ 2 శాతం ఊగితే R అర. జవాబు 97.5.

చెయ్యి ఊపితే ఏమవుతుంది? ఇప్పుడు అద్దంతో పాటు తెర కూడా ఊగుతోంది. తెర ఊగితే రెండు దీపాల వెలుగూ ఇంచుమించు ఒకే శాతంలో ఊగుతుంది. అద్దం చేసే చిన్న మార్పు ఆ పెద్ద ఊపులో కొట్టుకుపోతుంది. R దాదాపు 1 అవుతుంది. 110లోంచి 25 తీసేయండి. 85! మెషీన్ అప్పుడు మీ రక్తాన్ని చూడటం లేదు, ఒకటిని ఒకటితో భాగిస్తోంది, అంతే.

ఒక పదార్థం గుండా పోయేటప్పుడు వెలుగు ఎంత తగ్గుతుందో చెప్పేది బీర్-లాంబర్ట్ నియమం. కాలేజీలో దాన్ని రంగు నీళ్లు పోసిన గాజు గొట్టాలతో నేర్పుతారు. పిల్లలు సూత్రం ఎలా వచ్చిందో రాసి, మార్కులు తెచ్చుకుని, మర్చిపోతారు. అదే క్లాసులో తలా ఒక ఆక్సిమీటర్ ఇచ్చి "చెయ్యి ఊపండి, 85 ఎందుకొచ్చిందో చెప్పండి" అంటే ఆ నియమాన్ని జన్మలో మరువరు.

ఈ ఉపాయం ఆక్సిజన్ కోసం వెతుకుతుంటే పుట్టలేదు. జపాన్‌లో నిహాన్ కోడెన్ కంపెనీ ఇంజనీరు తకువో అవోయాగి 1970ల మొదట్లో గుండె ఎంత రక్తాన్ని పంప్ చేస్తోందో కొలవాలనుకున్నారు. రక్తంలోకి రంగు ఎక్కించి, చెవి దగ్గర వెలుగుతో దాన్ని గమనించాలి. కానీ ప్రతి గుండె చప్పుడుకీ గ్రాఫ్ ఊగిపోయేది. ఆ ఊపును రద్దు చెయ్యడానికి ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా వాడి రెండు సిగ్నళ్లను సరిపెట్టారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గినప్పుడు మాత్రం ఆ లెక్క చెడిపోయేది. చెడగొడుతున్నది ఆక్సిజనే అయితే, దాన్నే కొలవచ్చు కదా! 1974లో ఈ సూత్రాన్ని ప్రకటించారు. తర్వాతి దశాబ్దంలోనే అది ఆపరేషన్ థియేటర్లలోకి చేరింది.

ఇక కాస్త చేదు సంగతి. R నుంచి శాతానికి వెళ్లే పట్టిక ప్రకృతి ఇచ్చింది కాదు. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకు ఆక్సిజన్ తక్కువున్న గాలి ఇచ్చి, మెల్లగా 70 శాతం దాకా దించి, ధమని రక్తం తీసి, ల్యాబ్ అంకెతో జత కలిపి తయారుచేస్తారు. 70 కిందికి ఉన్నదంతా ఊహాగణితం. పైగా ఆ వాలంటీర్లలో ఎక్కువమంది తెల్లచర్మం వాళ్లయితే పట్టిక వాళ్లకే బాగా కుదురుతుంది. తెర లెక్కలోంచి మాయమైందని పైన గొప్పగా చెప్పాను కానీ, అది పూర్తిగా మాయం కాదు. మెషీన్‌లో దీపంగా ఉండే ఎల్‌ఈడీ ఇచ్చేది ఒకే తరంగదైర్ఘ్యం కాదు, దాని చుట్టుపక్కల తరంగదైర్ఘ్యాల పట్టీ. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఆ పట్టీలో ఒక చివరను ఎక్కువ మింగితే దీపం రంగే జరుగుతుంది. వెలుగు తగ్గేకొద్దీ ఊగే భాగం రొదలో కలిసిపోతుంది కూడా. 2020లో అమెరికాలో వచ్చిన అధ్యయనం ఒకటుంది. ఆక్సిమీటర్ 92 నుంచి 96 చూపిస్తుండగా అసలు రక్తంలో 88 కన్నా తక్కువున్న సందర్భాలు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లజాతి రోగుల్లో 11.7 శాతం.

ఇది మరీ ముఖ్యమైన చోట జరిగింది. అదే ఏడాది కోవిడ్‌లో, ఆయాసం లేకుండానే ఆక్సిజన్ పడిపోతోందని తెలిశాక, ఇంగ్లండ్‌లో రోగులకు ఆక్సిమీటర్లు ఇచ్చి ఇంటి దగ్గరే చూసుకోమన్నారు. 95 లేదా అంతకన్నా ఎక్కువుంటే ఫర్వాలేదు, 93-94 అయితే ఫోన్ చెయ్యాలి, 92 లేదా అంతకన్నా తక్కువైతే ఆసుపత్రికి వెళ్లాలి. నా దృష్టిలో అసలు మార్పు ఇదే. అంకె రాకముందే, వస్తే ఏం చెయ్యాలో ఎవరో నిర్ణయించిపెట్టారు. కానీ నియమం 92 దగ్గర ఉంటే, మెషీన్ తప్పేది కూడా అక్కడే.

వాచీ వెనక ఆకుపచ్చ వెలుగు ఎందుకంటారా? హీమోగ్లోబిన్ ఆకుపచ్చను బాగా మింగుతుంది, ఆ వెలుగు లోతుకు పోదు, కాబట్టి కదలిక రొద తక్కువ. దాంతో రంగు సంగతి తేలదు, అద్దం ఎప్పుడెప్పుడు అడ్డొచ్చిందో మాత్రం తేలుతుంది. గుండె లయకు అదే చాలు. గ్లూకోజ్‌కు మాత్రం ఈ దారి ఇంకా తెరుచుకోలేదు. చర్మం కింద సన్నటి తీగ ఉండే సెన్సర్ ఎంజైమ్‌తో కొలుస్తుంది, అది కూడా కణాల మధ్య ద్రవంలో, కొన్ని నిమిషాలు ఆలస్యంగా. సూది లేకుండా వాచీతోనే షుగర్ కొలుస్తామనే ప్రకటనలను నమ్మొద్దని 2024 ఫిబ్రవరిలో అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ హెచ్చరించింది. నా లెక్కలో అవి జబ్బులు తగ్గిస్తాయని అమ్మే అయస్కాంతం కడియాల జాతివే. కడియం షుగర్ అంకె చూపించదు కాబట్టి, ఇన్సులిన్ మోతాదు తప్పించే ప్రమాదం కూడా దానికి లేదు.

లయ దగ్గరికొద్దాం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బులో గుండె పై గదులు వణుకుతాయి, చప్పుళ్ల మధ్య వ్యవధికి ఓ పద్ధతంటూ ఉండదు. రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. 2019లో ఫలితాలు వచ్చిన యాపిల్ హార్ట్ స్టడీలో 4,19,297 మంది చేరితే, వాచీ హెచ్చరించింది 0.52 శాతం మందినే. వాళ్లలో తర్వాత ఈసీజీ ప్యాచ్ పెట్టుకుని తిరిగి పంపిన 450 మందిలో 34 శాతం మందికి ఆ లయ దొరికింది. మిగతావి అబద్ధపు హెచ్చరికలు అనుకోకండి, ఈ జబ్బు వస్తూ పోతూ ఉంటుంది. ప్యాచ్, వాచీ కలిసి ఉన్న సమయంలో మళ్లీ హెచ్చరిక వస్తే 84 శాతం సార్లు ప్యాచ్ కూడా ఔనంది.

సరే, ముందే దొరికితే మంచిదేగా? డెన్మార్క్‌లో 70 నుంచి 90 ఏళ్ల వయసున్న, పక్షవాతం ముప్పున్న 6,004 మందితో లూప్ అనే పరీక్ష చేశారు. కొందరికి ఛాతీ చర్మం కింద రికార్డర్ పెట్టి నిరంతరం గమనించారు, మిగతావారికి మామూలు వైద్యమే. 2021లో ఫలితాలొచ్చాయి. జబ్బు దొరికింది రికార్డర్ ఉన్నవాళ్లలో 31.8 శాతం మందికి, మిగతావాళ్లలో 12.2 శాతం మందికి. రక్తం గడ్డకట్టకుండా మందులు కూడా రెట్టింపు మందికి పైగా మొదలయ్యాయి. పక్షవాతం, రక్తనాళాల్లో గడ్డలు మాత్రం వరుసగా 4.5 శాతం, 5.6 శాతం. గణాంకపరంగా ఆ తేడా ఖాయమని చెప్పలేని స్థాయిలోనే ఉండిపోయింది.

మెషీన్ పట్టుకునే కొద్ది నిమిషాల చిన్న వణుకు, డాక్టరుకు ఈసీజీలో కనిపించే పెద్ద జబ్బు ఒకే స్థాయి ముప్పు కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. 2023లో వచ్చిన ఆర్టీసియా పరీక్షలో, పరికరాలకు మాత్రమే చిక్కిన ఇలాంటి చిన్న వణుకులున్న వాళ్లకు రక్తం గడ్డకట్టకుండా చేసే అపిక్సబాన్ మందు ఇచ్చి, ఆస్పిరిన్‌తో పోల్చారు. పక్షవాతం, రక్తనాళాల్లో గడ్డలు కలిపి ఏడాదికి 1.24 శాతం నుంచి 0.78కి తగ్గాయి. పెద్ద రక్తస్రావాలు 0.94 నుంచి 1.71కి పెరిగాయి. వాచీ హెచ్చరికతో డాక్టర్ దగ్గరికి వెళ్తే ముందు ఈసీజీ తీస్తారు. ఆ తర్వాత వయసు, బీపీ, షుగర్, ఇదివరకు పక్షవాతం వచ్చిందా, రక్తస్రావం ముప్పుందా అని చూసి ఈ రెండు తక్కెళ్లలో ఏది బరువో తూస్తారు.