బొటనవేలి మీట, 9 ఎంఎం తూటా: అమెరికా పిస్టల్ వాదం ఎక్కడిది?

అమెరికాలో పిస్టల్ కొనబోయేవాళ్లు రెండు ప్రశ్నల దగ్గర ఆగుతారు. పొరపాటున పేలకుండా ఆపే, బొటనవేలితో నొక్కే సేఫ్టీ మీట ఉండాలా, అక్కర్లేదా? తూటా 9 ఎంఎం మంచిదా, పాయింట్ 45 మంచిదా? (ఇవి క్యాలిబర్లు, అంటే తూటా లావు కొలతలు: మొదటిది మిల్లీమీటర్లలో, రెండోది అంగుళాల్లో.) మన దేశంలో 9 ఎంఎం నిషిద్ధ బోరు, అంటే మామూలు పౌరులకు లైసెన్సు దొరకని కొలత. లైసెన్సున్నవారి దగ్గర ఎక్కువగా కనిపించేది పాయింట్ 32. అందుకే ఈ వాదన ఇక్కడ పెద్దగా వినిపించదు. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఇల్లు కట్టుకుని, తుపాకీ కూడా కొందామనుకునే తెలుగువారికి మాత్రం దుకాణంలో మొదట ఎదురయ్యేవి ఈ ప్రశ్నలే.

పాయింట్ 45 కథ ఫిలిప్పీన్స్‌లో మొదలైంది. పాయింట్ 38 తూటాలు తగిలినా, అమెరికా పాలనను ఎదిరించిన అక్కడి మోరో యోధులు ఆగకుండా మీదికి వస్తున్నారని అమెరికా సైనికులు మొరపెట్టుకున్నారు. 1904లో థాంప్సన్, లాగార్డ్ అనే ఇద్దరు అధికారులు షికాగో కబేళాల్లో పశువుల మీద, విడిగా శవాల మీద కాల్చి చూశారు. పాయింట్ 45కు తగ్గకూడదని తేల్చారు. ఆ పరీక్షలు నేటి కొలతలకు నిలబడవని నా అభిప్రాయం. కానీ ఆ అంకె మాత్రం జనం మనసులో పాతుకుపోయింది.

జాన్ బ్రౌనింగ్ రూపొందించిన కోల్ట్ పిస్టల్‌ను సైన్యం 1911 మార్చి 29న ఆమోదించింది. అరచేతితో పిడిని గట్టిగా పట్టుకుంటే తప్ప పేలకుండా వెనకవైపు ఒక సేఫ్టీ అంతకుముందు నమూనాలోనే ఉంది. అశ్వికదళానికి అది చాలలేదు. రౌతుకు ఒక చెయ్యి కళ్లేనికే సరి. గుర్రం బెదిరితే, ఎక్కుపెట్టిన పిస్టల్‌ను రెండో చేత్తోనే భద్రం చేసి ఒరలో పెట్టుకోవాలి. బొటనవేలి మీట వచ్చింది అందుకు. గుర్రాలు యుద్ధాల్లోంచి తప్పుకున్నాక కూడా ఆ మీటకు అలవాటుపడ్డ చేతులు దాన్ని వదల్లేదు.

దాన్ని పక్కన పెట్టింది ఆస్ట్రియా. 1982లో అక్కడి సైన్యం గాస్టన్ గ్లాక్ పిస్టల్‌ను తీసుకుంది. అంతకుముందు ఆయన చేసినవి కర్టెన్ కడ్డీలు, కత్తులు. తుపాకీ ఒక్కటీ చేయలేదు. ఆ పిస్టల్‌కు బయట మీట లేదు. ట్రిగ్గర్ మధ్యలో, వేలితో నొక్కితే తప్ప ట్రిగ్గర్‌ను కదలనివ్వని ఒక సన్నటి పలక, లోపల మరో రెండు సేఫ్టీలు, మ్యాగజైన్‌లో 17 తూటాలు. అమెరికా పోలీసులకు ఇది త్వరగా నచ్చింది. వాళ్లు అప్పటిదాకా వాడిన రివాల్వర్లకూ మీట లేదు మరి.

1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు దోపిడీదారులతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. ఒక దోపిడీదారుడికి తగిలిన 9 ఎంఎం తూటా చేతిలోంచి ఛాతీలోకి దూరి, గుండెకు కాస్త దూరంలో ఆగిపోయింది. అతను ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. ఎఫ్‌బీఐ తప్పును ఆ తూటా మీద వేసింది. పరీక్షలో శరీర కండకు బదులుగా వాడే జెలటిన్ దిమ్మలో తూటా కనీసం 12 అంగుళాలు దిగాలని నియమం పెట్టి, 10 ఎంఎం ఎంచుకుంది. అది బలంగా వెనక్కి తన్నేది. దాన్ని తగ్గించి తెచ్చిన పాయింట్ 40 తూటా 1990లో మార్కెట్‌లోకి వచ్చింది. చివరికి 2014లో అదే సంస్థ శిక్షణ విభాగం 9 ఎంఎం వైపే మొగ్గింది: తూటాల తయారీ మెరుగైంది, తన్ను తక్కువ, గురి త్వరగా కుదురుతుంది, ఎక్కువ తూటాలు పడతాయి. క్యాలిబర్ సంగతి ఇక్కడితో తేలిందనే అనుకుంటాను. గురి తప్పిన పాయింట్ 45 కన్నా తగిలిన 9 ఎంఎం మేలు.

మీట సంగతి అలా తేలేది కాదు. ఒరలో కాక హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునేవారికి మీట ఉంటే నయం. కంగారులో దాన్ని దించడం మరిచిపోయేవారికి అదే ప్రమాదం. పిల్లలున్న ఇంట్లో మీటను నమ్ముకోవడం మాత్రం ఘోరమైన పొరపాటు. అక్కడ కావలసింది తాళం వేసిన పెట్టె.

2017 జనవరిలో అమెరికా సైన్యం సిగ్ సావర్ కంపెనీ పిస్టల్ పి320ని తీసుకున్నప్పుడు బొటనవేలి మీట కావాలని పట్టుబట్టింది. అదే పిస్టల్ దుకాణాల్లో మీట లేకుండా కూడా అమ్ముడుపోతోంది. ఆ ఏడాది ఆగస్టులోనే, కిందపడితే పేలుతోందన్న ఫిర్యాదులు రావడంతో, జనానికి అమ్మిన పిస్టళ్ల ట్రిగ్గర్ భాగాలను ఉచితంగా మార్చి ఇస్తామని కంపెనీ ప్రకటించింది. ట్రిగ్గర్ నొక్కకుండానే పేలిందంటూ ఆ తర్వాత దావాలు పడ్డాయి. కంపెనీ ఆ ఆరోపణను ఒప్పుకోలేదు.