వరద తర్వాత వంతెనలకు విదేశీ సాయం: అపోహలు, వాస్తవాలు

2025 నవంబరు చివర్లో దిత్వా తుపాను శ్రీలంకను ముంచేసి వెళ్లాక, మన ఆర్మీ ఇంజనీర్లు అక్కడ బెయిలీ వంతెనలు (విడి ఉక్కు ప్యానెళ్లు బిగించి త్వరగా వేసే తాత్కాలిక వంతెనలు) వేస్తున్న వీడియోలు మీరూ చూసే ఉంటారు. అప్పటి నుంచి తెలిసినవాళ్లు చాలామంది నన్ను ఇవే అడుగుతున్నారు. శ్రీలంకకు సాయమంటూ ప్రకటించిన డబ్బు మనం ఊరికే ఇస్తున్నామా, మనకి వరదలొస్తే బయటి సాయం ఎందుకు తీసుకోం, ఇంత డబ్బు వచ్చినా కొట్టుకుపోయిన వంతెన ఏళ్ల తరబడి ఎందుకు లేవదు? నేను విదేశీ రుణాలతో నడిచే రోడ్లు, వంతెనల పనుల్లో ఉన్నవాణ్ని. అందుకే తరచూ వినబడే అపోహలు కొన్ని తీసుకుని, పని జరిగేచోట సంగతి ఎలా ఉంటుందో రాస్తున్నా.

అపోహ: విదేశీ సాయం అంటే ఉచితంగా వచ్చే డబ్బు.

చాలావరకు అది అప్పు. శ్రీలంకకు 2025 డిసెంబరులో మన విదేశాంగ మంత్రి జైశంకర్ ప్రకటించిన ప్యాకేజీ మొత్తం 45 కోట్ల డాలర్లు. అందులో 35 కోట్లు తక్కువ వడ్డీకి ఇచ్చే లైన్ ఆఫ్ క్రెడిట్, అంటే ఒక పరిమితి దాకా అవసరమైనప్పుడు వాడుకునే అప్పు. తిరిగి కట్టక్కర్లేని గ్రాంటు 10 కోట్లు. పేపర్లో మాత్రం మొత్తం అంకె 'సాయం' అనే పేరుతోనే వస్తుంది, చదివినవాళ్లు అంతా దానం అనుకుంటారు. అప్పుకి షరతులు కూడా ఉంటాయి. మన దేశం ఇచ్చే లైన్ ఆఫ్ క్రెడిట్‌లో సాధారణంగా 75 శాతం వస్తువులు, సేవలు ఇక్కడి నుంచే కొనాలి. జపాన్ ఇచ్చే ఒక రకం రుణంలో కనీసం 30 శాతం జపాన్ నుంచి కొనాలి. ఇందులో మోసమేమీ లేదు, అన్నీ ఒప్పందంలో రాసి ఉండేవే. కానీ అప్పు తీసుకున్న దేశంలోనే చవగ్గా దొరికే స్టీలు వదిలేసి సముద్రం దాటి తెప్పించుకోవాల్సి వస్తే వంతెన ఖర్చు పెరుగుతుంది, ఆ పెరిగిన భారం అప్పు తీర్చే జనం మీదే పడుతుంది.

అపోహ: కేరళ వరదలప్పుడు మనం విదేశీ డబ్బు మొత్తం వద్దన్నాం.

2018లో యూఏఈ 700 కోట్ల రూపాయలు ఇస్తానందని కేరళ ముఖ్యమంత్రి చెప్పడం, అలాంటి మొత్తమేదీ అధికారికంగా ప్రకటించలేదని యూఏఈ రాయబారి అనడం, వేరే ప్రభుత్వాల సాయం లేకుండా మన వనరులతోనే చూసుకుంటామని కేంద్రం చెప్పడం, ఇవన్నీ నిజమే. 2004 సునామీ దగ్గర్నుంచి నడుస్తున్న విధానం అది. అయితే అది విరాళాల సంగతి. పునర్నిర్మాణానికి అప్పు తీసుకోవడానికి అడ్డేం లేదు. 2019 జూన్‌లో కేరళ కోసమే ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణం ఇచ్చింది. 2013లో ఉత్తరాఖండ్ వరదల తర్వాత, 2014లో మన విశాఖను హుద్‌హుద్ తుపాను దెబ్బతీశాక కూడా ప్రపంచ బ్యాంకు రుణాలు వచ్చాయి.

అపోహ: బెయిలీ వంతెన వేసేశారంటే వంతెన పని అయిపోయినట్టే.

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రాణాలు పోయేది ఇక్కడే. రెండో ప్రపంచ యుద్ధంలో డొనాల్డ్ బెయిలీ అనే బ్రిటిష్ ఇంజనీరు రూపొందించిన పద్ధతి ఇది. ఒక్కో ప్యానెల్ పది అడుగుల పొడవు, దాదాపు 260 కిలోల బరువు, ఆరుగురు మోసుకెళ్లగలరు. క్రేన్ లేకుండా ప్యానెళ్లను పిన్నులతో బిగించుకుంటూ ఒక ఒడ్డు నుంచి రెండో ఒడ్డుకి తోసుకుంటూ పోతారు. 2024లో వయనాడ్‌లోని చూరల్‌మలలో మన ఆర్మీ మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ 190 అడుగుల వంతెనను ఒకటిన్నర రోజు లోపే నిలబెట్టింది. ఆ పని చూస్తే ఎవరికైనా గర్వంగానే ఉంటుంది.

కానీ దానికి బరువు పరిమితి ఉంటుంది. చూరల్‌మల వంతెనది 24 టన్నులు. 2020 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని మున్సియారి దగ్గర 18 టన్నులు మాత్రమే మోయగల బెయిలీ వంతెన మీదికి ఎక్స్‌కవేటర్‌ను ఎక్కించుకున్న లారీ వచ్చింది. వంతెన లారీతో సహా కింద వాగులో పడింది. సరిహద్దు రోడ్లు చూసే బీఆర్‌ఓ వాళ్లు ఆరు రోజుల్లో మళ్లీ కొత్తది వేశారు, అది వేరే విషయం. కంకర లారీలు, ఇసుక టిప్పర్లు తిరిగే దారిలో బరువు పరిమితి రాసిన బోర్డు ఎవరు చూస్తారు? రాత్రిపూట అసలే చూడరు. పైగా పిన్నులు, బోల్టులు, డెక్కు పలకలు తరచూ చూసుకుంటూ ఉండాలి, వదులైతే బిగించాలి, తుప్పు పడితే మార్చాలి. ఆర్నెల్ల కోసం వేసినదాన్ని 'నడుస్తోంది కదా' అని ఏళ్ల తరబడి ఉంచేసి, పక్కా వంతెన ఫైలు పక్కన పెట్టేసిన చోట్లు చాలా ఉన్నాయి. శ్రీలంకలో కిలినొచ్చిలో మనవాళ్లు వేసిన 120 అడుగుల వంతెన కూడా దారి తెరవడానికి వేసిందే. దాని వెనకే శాశ్వత వంతెన రాకపోతే సాయం సగంలో ఆగినట్టే.

అపోహ: వరద వంతెనను తోసేస్తుంది, కాబట్టి ఇంకా గట్టిగా, ఇంకా మందంగా కట్టాలి.

మా ఫీల్డులో అన్నిటికన్నా మొండి అపోహ ఇది. ప్రారంభోత్సవాలప్పుడు కూడా ఎన్ని వందల టన్నుల స్టీలు వాడారో చెబుతారు గానీ పునాది ఎంత లోతుకి దిగిందో చెప్పరు. వరదలో కూలే వంతెనల్లో చాలావాటి స్లాబు, దాన్ని మోసే గర్డర్లు (దూలాలు) బాగానే ఉంటాయి, పియర్ (నదిలో నిలబడే స్తంభం) కింది మట్టి కోసుకుపోతుంది. దీన్నే మేం స్కవర్ అంటాం. వరద మట్టం నుంచి లెక్కేస్తే, నదిలో మామూలుగా పడే కోత లోతుకి రెట్టింపు దాకా పియర్ల దగ్గర, 1.27 రెట్ల దాకా అబట్‌మెంట్ల (ఒడ్డున వంతెన చివర్లను మోసే గోడల) దగ్గర కోత పడుతుందని మన ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) కోడ్ లెక్క. పునాది దానికన్నా కిందకి దిగాలి.

ఇక అప్రోచ్, అంటే వంతెనకు రెండువైపులా కలిపే రోడ్డు. మధ్య అమెరికా దేశం హోండురస్‌లోని చొలుతెక దగ్గర జపాన్ కంపెనీ కట్టిన కొత్త వంతెన 1998లో పూర్తయింది. అదే ఏడాది అక్టోబరు చివర్లో మిచ్ హరికేన్ వచ్చింది. వంతెనకు పెద్దగా ఏమీ కాలేదు. రెండువైపులా రోడ్లు కొట్టుకుపోయాయి, నది పక్కకి జరిగి వేరేచోట పారడం మొదలుపెట్టింది. 2003లో మళ్లీ హైవేకి కలిపేదాకా ఆ వంతెన ఎవరికీ పనికిరాలేదు. మన దగ్గర 2024 సెప్టెంబరులో కేసముద్రం దగ్గర రైలు పట్టాలు గాల్లో వేలాడిన ఫోటోలు గుర్తున్నాయా? అక్కడా కొట్టుకుపోయింది కింది కట్ట, కంకరే.

'వందేళ్లకోసారి వచ్చే వరద'కి డిజైన్ చేశామంటే వందేళ్లు నిశ్చింత అని కాదు. ఏ ఏడాదికా ఏడాది ఒక శాతం అవకాశం ఉంటుంది, యాభై ఏళ్లు కలిపితే ఒక్కసారైనా ఆ వరదో, అంతకు మించిందో వచ్చే అవకాశం దాదాపు 40 శాతం. అందుకే రుణం వచ్చినప్పుడు నేను ముందు అడిగేది ఒకటే. అదనంగా ఒక స్పాన్‌కీ (రెండు స్తంభాల మధ్య భాగానికీ), ఒడ్డు కోసుకుపోకుండా వేసే రివిట్‌మెంట్‌కీ, నది సర్వేకీ ఎంత పెట్టారు? ఎస్టిమేట్ తగ్గించాల్సి వచ్చినప్పుడు మొదట కత్తిరించేది వాటినే. నా దృష్టిలో అంతకన్నా నష్టపు పొదుపు లేదు.

అపోహ: డబ్బు వచ్చినా పని మొదలవలేదంటే ఎవరో తినేసినట్టే.

తినేవాళ్లు లేరనను. కానీ ఆలస్యానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి. నష్టం అంచనా, బోరు వేసి మట్టి పరీక్ష, డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక), భూసేకరణ, టెండరు, దాని మీద బ్యాంకు ఆమోదం, ఇవన్నీ అయ్యేసరికి వానాకాలం వచ్చేస్తుంది. నదిలో పునాది పని చేయగలిగేది నీళ్లు తగ్గిన నెలల్లోనే. ఒక సీజన్ తప్పితే ఏడాది పోయినట్టే.

అపోహ: విదేశీ డబ్బుతో కట్టారు కాబట్టి వాళ్లే చూసుకుంటారు.

ఎవరూ చూసుకోరు. వంతెన అప్పగించాక రుణంలో మెయింటెనెన్స్‌కి సాధారణంగా పైసా ఉండదు, గర్డర్ల కింది బేరింగులు, జాయింట్లు, వీప్ హోల్స్ (నీళ్లు బయటికి పోయే రంధ్రాలు) అన్నీ మన బడ్జెట్టే. అంతకన్నా ముఖ్యం, పియర్ల పక్కన ఇసుక. లెక్కగట్టి పునాది ఎంత లోతుకి దించినా, పక్కనే ఇసుక తవ్వుకుపోతే ఆ లోతు ఏ వరదా రాకముందే తగ్గిపోతుంది. మన వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) నిబంధనల ప్రకారం వంతెనకు 500 మీటర్ల లోపు ఇసుక తవ్వకూడదు. మీ ఊరి వంతెన కింద ట్రాక్టర్లు, జేసీబీలు కనబడితే ఫోటో తీసి, తేదీ వేసి, తహసీల్దారుకి, ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) ఏఈకి రాతపూర్వకంగా ఇవ్వండి. నోటితో చెప్పి ఊరుకోకండి, రసీదు తీసుకోండి.