వాన చూసుకుంటుందిలే అనుకుంటే: ఇంటి సోలార్ ప్యానెళ్ళ శుభ్రతపై అపోహలు - వాస్తవాలు

మిర్యాలగూడ చుట్టుపక్కల ఇళ్ళ మీద సోలార్ ప్యానెళ్ళు బిగించడం, ఆ తర్వాత వాటి బాగోగులు చూడటం నా పని. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ పథకం వచ్చి, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ అందడం మొదలయ్యాక డాబాల మీద ప్యానెళ్ళు పెరిగాయి. వాటిని కడగడం గురించి ఉచిత సలహాలు అంతకన్నా వేగంగా పెరిగాయి. సలహాలిచ్చేవాళ్ళు రెండు రకాలు. అసలు ముట్టుకోనక్కర్లేదనేవాళ్ళు ఒకరు, రోజూ తోమకపోతే పాడైపోతాయనేవాళ్ళు మరొకరు. ఇద్దరి ఇళ్ళకూ వెళ్తుంటాను. తోమేవాళ్ళ ఇళ్ళలోనే ప్యానెళ్ళకు బాగుచేయలేని దెబ్బలు ఎక్కువ చూశాను.

అపోహ: వాన పడితే అదే కడిగేస్తుంది.

ఏ వాన అన్నది చూడాలి. శ్రావణంలో గంటసేపు ఏకధాటిగా కురిసే వాన నిజంగానే బాగా కడుగుతుంది, ఆ నెలల్లో ప్యానెళ్ళను వదిలేయమని నేనే చెబుతాను. రోహిణి కార్తెలో దుమారం రేగి, దాని వెనకే నాలుగు చినుకులు రాలి ఊరుకుంటే కథ వేరు. అద్దం మీది దుమ్మంతా బురద చుక్కలై, మర్నాటి ఎండకు అట్టకడుతుంది. చలికాలపు మంచూ ఇంతే. రాత్రి దుమ్మును తడిపి, పొద్దున ఆరబెట్టి, అద్దానికి అతికించి పోతుంది. మా దగ్గర వరి మిల్లుల బాయిలర్ల నుంచి వచ్చే ఊక బూడిద దీనికి తోడు. పక్షి రెట్ట, వాహనాల మసి మామూలు వానకు లొంగవు.

వాలు కూడా ముఖ్యం. మనం ఉన్నది 17 డిగ్రీల అక్షాంశం దగ్గర కాబట్టి దక్షిణానికి తిప్పి 15 డిగ్రీల పైచిలుకు వాలుతో బిగిస్తే ఎండా సరిగ్గా పడుతుంది, నీళ్ళూ జారిపోతాయి. కొందరు షెడ్డులా కనిపించాలని దాదాపు సమతలంగా బిగించుకుంటారు. పది డిగ్రీల కన్నా తగ్గితే నీళ్ళు కింది ఫ్రేము అంచు దగ్గర నిలిచి, ఆరాక వేలెడు వెడల్పున మట్టి పట్టీ మిగులుతుంది. మామూలు దుమ్ము కన్నా ఆ పట్టీ ప్రమాదం. ఎందుకో కిందే చెబుతాను.

అసలు విషయం క్యాలెండర్‌లో ఉంది. తెలంగాణలో నవంబరు నుంచి మే దాకా చెప్పుకోదగ్గ వానలు తక్కువ. మంచి ఎండ కాసేదీ ఆ నెలల్లోనే. అంటే సంపాదించుకోవలసిన కాలంలో కడిగేవాళ్ళు ఉండరు. నెల్లూరు వైపు కార్తీకంలోనూ వానలు పడతాయి కాబట్టి వాళ్ళకు కొంత నయం.

గాలే దులిపేస్తుందని వాదించిన ఇంజినీరు ఒకాయనకు అంగారకుడి సంగతి చెప్పాను. అక్కడ 2018లో దిగిన నాసా వారి ఇన్‌సైట్ వ్యోమనౌక పలకల మీద దుమ్ము పేరుకుని, కరెంటు చాలక 2022 డిసెంబరులో మూగబోయింది. మన డాబా మీదికి మెట్లు ఉన్నాయి. వాళ్ళకు లేవు.

అపోహ: ఒక మూల రెట్ట పడితే ఆ మూలలోని కరెంటే పోతుంది.

దీన్ని అందరూ నమ్ముతారు, చదువుకున్నవాళ్ళతో సహా. ప్యానెల్‌లోని సెల్‌లు, అంటే వెలుతురును కరెంటుగా మార్చే చిన్న పలకలు, దండలో పూసల్లా వరుసగా కలిపి ఉంటాయి. సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవాళ్ళకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. మధ్యలో ఒక తూము పూడితే, పైన ఎంత నీరున్నా కింది పొలాలకు ఆ తూము వదిలినంతే వస్తుంది. ఒక సెల్ పూర్తిగా కప్పుకుపోతే ఆ వరుస మొత్తానికీ అదే తూము.

పైగా కప్పుకుపోయిన సెల్ ఊరికే ఉండదు. మిగతా సెల్‌లు తయారుచేసిన కరెంటును తనే తినడం మొదలుపెట్టి వేడెక్కుతుంది. దీన్ని హాట్ స్పాట్ అంటాం. దీని నుంచి కాపాడటానికే ప్రతి ప్యానెల్ వెనక డబ్బాలో సాధారణంగా మూడు బైపాస్ డయోడ్లు ఉంటాయి. అడ్డుపడ్డ సెల్‌ల వరుసను వదిలేసి కరెంటును పక్కదారిన దాటించడం వాటి పని. డయోడ్ పనిచేసిందంటే ప్యానెల్‌లో మూడో వంతు దాకా పక్కన పెట్టేసినట్టే. ఇప్పుడొస్తున్న, సెల్‌లను సగానికి కోసి అమర్చిన హాఫ్ కట్ ప్యానెళ్ళలో నష్టం కొంత తక్కువ, కానీ సూత్రం ఇదే. నెలల తరబడి ఒకే చోట రెట్ట ఉండిపోతే ఆ సెల్ చుట్టూ గోధుమరంగు మచ్చ వస్తుంది, వెనక షీటు కాలుతుంది. ఆ తర్వాత ఎంత కడిగినా లాభం లేదు.

అందుకే నా లెక్క ఇది: ప్యానెల్ అంతటా సమానంగా పరుచుకున్న పలచటి దుమ్ము కొద్దిగా యూనిట్లు తింటుంది, తుడిచేస్తే తిరిగి వస్తాయి. ఒకేచోట మందంగా ఉన్న రెట్ట, ఎండుటాకు, కింది అంచు మట్టి పట్టీ ప్యానెల్‌నే తింటాయి. ప్యానెళ్ళ కింద పావురాలు గూడు పెడితే నెలకోసారి కడగడం కన్నా, గూళ్ళు లేని సమయం చూసి చుట్టూ వల బిగించుకోవడం చవక.

అపోహ: నీళ్ళు ఏవైనా నీళ్ళే.

బోరు నీళ్ళు ఆరిన బకెట్టు అంచు చూడండి. ఆ తెల్లటి పొరే మీ ప్యానెల్ మీదా పేరుకుంటుంది. మా నల్లగొండ భూగర్భ జలాల గురించి కొత్తగా చెప్పేదేముంది! తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. చాలా బోర్లు ఆ గీత దాటి చాలా కాలమైంది. కొళాయికి వచ్చే కృష్ణా నీళ్ళు నయం, పట్టి ఉంచిన వాన నీళ్ళు ఇంకా నయం. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు. వేసవిలో ఆ పైపు కింద బకెట్టు పెట్టుకోండి. ఆర్వో యంత్రం బయటికి వదిలేసే వృథా నీళ్ళు మాత్రం వద్దు. యంత్రం వడకట్టిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. పొదుపనుకుని సరిగ్గా వాటినే పోసేవాళ్ళను చూశాను.

ఒకాయన ఏడాదిపాటు వారం వారం బోరు నీళ్ళతో శ్రద్ధగా కడిగాడు. ఆరబెట్టలేదు. అద్దం పాలు పూసినట్టయింది. కంగారుపడి బాత్‌రూం యాసిడ్ పోశాడు. మరకలు కొంత పోయాయి, వాటితోపాటు అల్యూమినియం ఫ్రేము మీది పూత కూడా పోయింది. అసలు ఏమీ చేయకుండా ఉంటే ఆయన ప్యానెళ్ళు ఇంకా బాగుండేవి.

అపోహ: గట్టిగా రుద్దితేనే పోతుంది.

దుమ్ములో ఇసుక రేణువులు ఉంటాయి. ఇసుకలోని క్వార్ట్జ్ అద్దం కన్నా గట్టిది. పొడి గుడ్డతో రుద్దితే అది ఉప్పుకాగితమే. అద్దం మీద వెలుతురును వెనక్కి పోనివ్వకుండా పట్టే సన్నటి పూత ఒకటి ఉంటుంది. ముందు గీసుకుపోయేది అదే. ముందు నీళ్ళు చల్లి నాననివ్వాలి, తర్వాత మెత్తటి మాపుతో పై నుంచి కిందికి తుడవాలి, చివర రబ్బరు వైపరుతో నీళ్ళు లాగేయాలి. రెట్ట ఉన్నచోట తడిగుడ్డ పది నిమిషాలు వేసి ఉంచితే అదే ఊడుతుంది. కొబ్బరి పీచు, గిన్నెలు తోమే స్క్రబ్బరు, సబ్బుపొడి వద్దు. సబ్బు జిడ్డు మిగిలితే దుమ్ము ఇంకా అంటుకుంటుంది. కార్లు కడిగే ప్రెషర్ పంపు అసలే వద్దు, ఆ ధాటికి అంచుల సీలు వదులవుతుంది.

ప్యానెల్ మీద కాలు పెట్టి నిలబడేవాళ్ళకు ఒక్క మాట. అద్దం పగలదు, నిజమే. లోపలి సెల్ చీలుతుంది. ఆ చీలిక కంటికి కనిపించదు, వారంటీ వాళ్ళ పరికరానికి కనిపిస్తుంది.

అపోహ: మధ్యాహ్నం కడిగితే త్వరగా ఆరుతుంది.

ఆరుతుంది, మరకలతో సహా. మే నెల ఎండలో ప్యానెల్ వేడి 65 డిగ్రీలు దాటుతుంది. దాని మీద చల్లటి నీళ్ళు కుమ్మరించవద్దని తయారీదారులే హెచ్చరిస్తారు. తెల్లవారుజాము మంచిది. మంచు దుమ్మును అప్పటికే నానబెట్టి ఉంచుతుంది.

అపోహ: ఇన్వర్టర్ ఆపేస్తే పైన కరెంటు ఉండదు.

ఇన్వర్టర్ అంటే ఇక్కడ ప్యానెళ్ళ కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె. వెలుతురు ఉన్నంతసేపూ ప్యానెల్‌ను ఆపే స్విచ్ లేదు. 540 వాట్ల ప్యానెళ్ళు ఆరు వరుసగా కలిపితే తీగల్లో దాదాపు 300 వోల్టులు ఉంటాయి. ఇన్వర్టర్ ఆపితే కరెంటు పారడం ఆగుతుంది, వోల్టులు పోవు. ఎలుకలు, కోతులు కొరికిన తీగ, వదులైన కనెక్టరు ఉన్నచోట నీళ్ళు పోస్తే షాక్ తగలవచ్చు. ముందు తీగలు కళ్ళతో చూసుకోండి, రబ్బరు చెప్పులు వేసుకోండి, కనెక్టర్ల వైపు నీళ్ళు చిమ్మకండి. పిట్టగోడ లేని డాబా మీద, రేకుల కప్పు మీద మీరు ఎక్కకండి. మనిషిని పిలిపించుకోండి.

అపోహ: వారం వారం కడిగితేనే గిట్టుబాటు.

గాంధీనగర్ ఐఐటీలో ప్యానెళ్ళను 20, 30 రోజులకోసారి తుడిచి చూశారు. తుడిచిన ప్రతిసారీ ఉత్పత్తి 50 శాతం దాకా పెరిగిందని 2017లో ఆ పరిశోధన వెలువడింది. దాన్ని చూపించి వారపు చందాలు అమ్మేవాళ్ళు ఉన్నారు. అది గుజరాత్ పొడి నేల మీది లెక్క, మీ కాలనీది కాదు. మన లెక్క వేసుకుందాం. 3 కిలోవాట్లకు రోజుకు సుమారు 12 యూనిట్లు. దుమ్ము వల్ల 10 శాతం పోయిందనుకుంటే నెలకు 36 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకుంటే దాదాపు 250. అంతకు మించి కడిగించే కూలి ఇస్తే నష్టం మీదే. మామూలు కాలనీ ఇంటికి వానలు లేని నెలల్లో పదిహేను, ఇరవై రోజులకోసారి, రెండు బకెట్ల నీళ్ళతో మీరే తుడుచుకుంటే చాలు. మిల్లు పక్కనో, క్వారీ పక్కనో, మట్టిరోడ్డు మీదో ఉంటే వారానికోసారి. దీపావళి మర్నాడు ఒకసారి అందరూ చూసుకోవాలి.

అపోహ: యూనిట్లు తగ్గితే దుమ్మే కారణం.

మబ్బు, మే నెల వేడి, కొత్తగా లేచిన పక్కింటి అంతస్తు నీడ, ఏవైనా కావచ్చు. ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు 25 డిగ్రీల వేడి దగ్గర కొలిచినవి. అక్కడి నుంచి డిగ్రీకి దాదాపు 0.35 శాతం తగ్గుతుంది. 65 దగ్గర 14 శాతం అలానే పోతుంది, కడిగినా రాదు. ఫోనులో ఇన్వర్టర్ యాప్ తెరిచి, మబ్బులేని రెండు రోజులను, తుడవకముందు ఒకటి, తర్వాత ఒకటి పోల్చి చూడండి.

మొన్న వేసవిలో ఒక రిటైర్డ్ మాస్టారు ఇలాగే పిలిచారు. పన్నెండు యూనిట్లు ఎనిమిదికి పడిపోయాయి. ఆ వారం నాలుగుసార్లు కడిగారట. అద్దాలు తళతళలాడుతున్నాయి. యాప్‌లో చూస్తే మధ్యాహ్నం పదకొండు నుంచి రెండింటి మధ్య ఇన్వర్టర్ పదేపదే ఆగిపోతోంది. వీధి లైనులో వోల్టేజి హద్దు మీరినప్పుడల్లా అది తనంతట తానే పక్కకు తప్పుకుంటోంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సరిచేయించాక మర్నాటికి పన్నెండు వచ్చాయి. అది తన నాలుగో కడుగు ఫలితమేనని మాస్టారు ఇప్పటికీ అంటారు.