ఐదు కాలేజీలు, ఐదున్నర కోట్ల డాలర్లు

మౌంటెన్ వెస్ట్ మీద పాక్-12 వేసిన కేసును మొదట్లోనే కొట్టేయడానికి 2025లో ఫెడరల్ జడ్జి ఒప్పుకోలేదు. రెండూ కాన్ఫరెన్స్‌లు, అంటే తమలో తాము మ్యాచులు ఆడుకునే కాలేజీల కూటములు. దాంతో అమెరికా కాలేజీ ఆటల్లో 2024 నుంచి నలుగుతున్న తగాదా మళ్లీ పైకొచ్చింది. మౌంటెన్ వెస్ట్ నుంచి ఐదు కాలేజీలను తీసుకెళ్తున్నందుకు పాక్-12 5.5 కోట్ల డాలర్లు కట్టాలా, అక్కర్లేదా అన్నదే కేసు.

పాక్-12 ఎలా కూలిందో చాలామందికి తెలుసు. పాక్-12 కాలేజీలున్న టెంపెలోనో సియాటిల్‌లోనో చదివిన మనవాళ్లు ఆ వార్తల మధ్యే ఉన్నారు. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్ కాలేజీలు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్ అనే మరో కాన్ఫరెన్స్‌కు వెళ్తున్నట్టు ప్రకటించాయి. టీవీ హక్కుల బేరం ఏడాది సాగినా కుదరలేదు. 2023 ఆగస్టు 4న ఒక్కరోజే ఐదు కాలేజీలు బయటికి నడిచాయి. నెల తిరగకుండానే స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) కూడా అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్స్‌లో చేరిపోయాయి. పన్నెండింటిలో మిగిలినవి రెండే: ఓరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్.

ఈ కూలిపోవడం గురించి ఇప్పటికే బోలెడు రాశారు. ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే మాత్రం ఆ తర్వాత నాలుగు నెలలకు, అంటే 2023 డిసెంబరులో, ఈ రెండు కాలేజీలూ సంతకం పెట్టిన ఒప్పందం దగ్గర ఆగాలి.

అప్పటి పరిస్థితికి ఒక్క మ్యాచ్ చాలు. 2023 సెప్టెంబరు 23న గోధుమ చేల గుట్టల మధ్య ఉండే పుల్‌మన్ అనే చిన్న ఊళ్లో ఈ రెండు జట్లే అమెరికన్ ఫుట్‌బాల్‌లో తలపడ్డాయి. రెండూ దేశంలోని మొదటి 25 ర్యాంకుల్లో ఉన్నాయి. వాషింగ్టన్ స్టేట్ 38-35తో గెలిచింది. అంత మంచి ఆట ఆడిన కుర్రాళ్లకు వచ్చే ఏడాది ఎవరితో ఆడతారో ఎవరూ చెప్పలేని స్థితి. సీజన్‌కు 12 మ్యాచులైతే అందులో 9 పాక్-12 లోపలే జరిగేవి. ఆ తొమ్మిదిలో ఇక మిగిలింది ఒక్కటే. పెద్ద కాలేజీలు ఏ ఏడాది ఎవరితో ఆడాలో ఎన్నో ఏళ్ల ముందే ఖాయం చేసుకుంటాయి కాబట్టి, అప్పటికప్పుడు మ్యాచులు దొరకడం చాలా కష్టం. దానికి తోడు, కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ పెట్టిన గడువు ఒకటి. ఫుట్‌బాల్ పైస్థాయిలో కాన్ఫరెన్స్‌గా నిలవాలంటే కనీసం ఎనిమిది కాలేజీలు ఉండాలి. తగ్గితే రెండేళ్లలో భర్తీ చేసుకోవాలి.

అప్పుడు ఆదుకున్నది మౌంటెన్ వెస్ట్. 2024 సీజన్‌కు తన జట్లతో మ్యాచులు ఇచ్చింది, బదులుగా కోటీ 40 లక్షల డాలర్లు తీసుకుంది. ఉచితంగా చేసిన సాయమేమీ కాదు. కానీ డబ్బుతో పాటు ఒక షరతు కూడా పెట్టింది. మా కాలేజీని మీరు చేర్చుకుంటే మొదటి దానికి కోటి డాలర్లు కట్టాలి, ఆ పైన ఒక్కోదానికి 5 లక్షల చొప్పున పెరుగుతుంది. రెండోది కోటీ 5 లక్షలు, మూడోది కోటీ 10 లక్షలు. అలా ఐదోది వచ్చేసరికి కోటీ 20 లక్షలు. మొత్తం కూడితే ఐదున్నర కోట్లు.

ఆ షరతు వెనక ఉన్నది అనుభవం. మౌంటెన్ వెస్ట్ కమిషనర్ గ్లోరియా నెవారెజ్ ఒకప్పుడు పాక్-12 ఆఫీసులోనే పనిచేసింది. పైగా 2011లో యూటా యూనివర్సిటీ మౌంటెన్ వెస్ట్‌ను వదిలి పాక్-12లో చేరింది. అదే ఏడాది బీవైయూ, మరుసటి ఏడాది టీసీయూ కాలేజీలు కూడా వెళ్లిపోయాయి. మౌంటెన్ వెస్ట్ పుట్టిందే అంతకు ముందున్న మరో కాన్ఫరెన్స్ నుంచి ఎనిమిది కాలేజీలు విడిపోయి రావడం వల్ల అన్నదీ నిజమే, దాన్ని దాచక్కర్లేదు. కానీ బలమైన జట్లను పోగొట్టుకోవడం ఎలా ఉంటుందో ఆ కాన్ఫరెన్స్‌కు బాగా తెలుసు. ఇంటికి పిలిచి అన్నం పెట్టేటప్పుడే, మా పిల్లల్ని తీసుకెళ్లొద్దని కాగితం మీద రాయించుకుంది.

సంతకం పెట్టిన తొమ్మిది నెలలకు అదే జరిగింది. రెండో ఏడాది మ్యాచులకు ధర దగ్గర బేరం తెగలేదు. 2024 సెప్టెంబరు 12న బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియాగో స్టేట్ పాక్-12లో చేరుతున్నట్టు ప్రకటించాయి. పది రోజులు దాటాక యూటా స్టేట్. ఆ వెంటనే పాక్-12 ఉత్తర కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. ఈ జరిమానా పోటీని అణిచేస్తోందని, కాన్ఫరెన్స్ వదిలే కాలేజీలు విడిగా ఎగ్జిట్ ఫీజు కడుతుండగా ఇది ఎందుకని, గతిలేని స్థితిలో ఒప్పుకున్నామని దాని వాదన. అందులో మొదటి రెండూ చట్టం తేల్చాల్సిన ప్రశ్నలు.

మూడో మాట వింటే కోల్‌ఫాక్స్ గుర్తొస్తుంది. పుల్‌మన్ పక్కనే ఉండే ఆ చిన్న ఊళ్లో, విట్‌మన్ కౌంటీ కోర్టులో, 2023 నవంబరులో ఓరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్‌లే గెలిచాయి. వెళ్లిపోతున్న పది కాలేజీలు కూడా బోర్డులో కూర్చుని ఓటు వేస్తామన్నాయి. కాన్ఫరెన్స్ వదులుతున్నానని చెప్పిన కాలేజీకి బోర్డులో చోటు ఉండదని నియమావళిలో రాసి ఉందని ఈ రెండూ వాదించాయి. జడ్జి ఆ రాతకే విలువిచ్చాడు. పాక్-12 పేరు, దాని డబ్బు ఈ రెండింటి చేతిలో మిగిలాయంటే అందరూ కలిసి ముందే రాసుకున్న ఆ నిబంధన వల్లే. మరుసటి నెలలోనే ఇవే కాలేజీలు మౌంటెన్ వెస్ట్ కాగితం చదివి, అర్థం చేసుకుని, సంతకం పెట్టాయి. ఆ షరతు లేకపోతే మ్యాచులే ఇచ్చేవాళ్లం కాదన్నది మౌంటెన్ వెస్ట్ సమాధానం.

ఈ డబ్బు ఎవరికి వెళ్తుందన్నది వార్తల్లో తక్కువ కనిపిస్తోంది. ఐదు పోయాక మిగిలిన కాలేజీలు చెదిరిపోకుండా ఉండటానికి, వచ్చే జరిమానా, ఎగ్జిట్ ఫీజుల్లో వాటాలు ఇస్తామని మౌంటెన్ వెస్ట్ మాటిచ్చింది. పెద్ద వాటాలు యూఎన్‌ఎల్‌వీకి (లాస్ వెగాస్‌లోని నెవాడా యూనివర్సిటీ), ఎయిర్ ఫోర్స్ అకాడమీకి. వాటిని చూసుకునే అవి ఉండిపోయాయి. మిగిలినవాళ్లలో వ్యోమింగ్ యూనివర్సిటీ ఉంది. లారమీలో 7,220 అడుగుల ఎత్తున ఉంటుంది దాని స్టేడియం. వ్యోమింగ్‌ను పిలిచే పెద్ద కాన్ఫరెన్స్ ఏదీ కనుచూపు మేరలో లేదు. ఎగ్జిట్ ఫీజుల మీద కూడా వెళ్లిపోయే కాలేజీల్లో కొన్ని కొలరాడోలో విడిగా కేసు వేశాయి.

2025లో మధ్యవర్తి ముందు కూర్చున్నా రాజీ కుదరలేదు. ఐదు కాలేజీలూ వెళ్లిపోవడానికి ఖాయమైన తేదీ 2026 జులై 1. అప్పటికి కోర్టు ఏదీ తేల్చకపోతే, లారమీలో వచ్చే ఏడాది బడ్జెట్ రాసేవాళ్లు ఈ డబ్బు రాసే వరస దగ్గర అంకె వేయకుండా వదిలేయాల్సిందే.