పట్టాలో పేరు లేని రైతు మీద పడే ఎండ

చెన్నై పోరూరులోని శ్రీ రామచంద్ర ఉన్నత విద్యా పరిశోధన సంస్థలో ప్రజారోగ్య విభాగం వారు 2017లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. తమిళనాడులో గర్భంతో ఉండి పనులకు వెళ్తున్న 800 మంది స్త్రీలు అందులో పాల్గొన్నారు. వారిలో సుమారు సగం మంది పొలాల్లోనో, ఇటుక బట్టీల్లోనో, ఉప్పు మడుల్లోనో ఎండకు ఒళ్లప్పగించి పనిచేసేవారు. తక్కినవారు బడులు, ఆసుపత్రుల వంటి కాస్త చల్లని చోట్ల పనిచేసేవారు. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం, తీవ్రమైన వేడిలో పనిచేసిన స్త్రీలకు గర్భం నిలవకుండా పోయే ముప్పు దాదాపు రెండింతలైంది.

ఆ వార్త చదవగానే నాకు పళ్లిపట్టు దగ్గరి పల్లెలో ఉండే మా పిన్నమ్మ గుర్తొచ్చింది. ఆ ప్రాంతం 1960లో చిత్తూరు జిల్లా నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రంలోకి మారినా, అక్కడ చాలా ఇళ్లలో ఈనాటికీ తెలుగే మాట్లాడతారు. పిన్నమ్మకు తొలి కానుపు దక్కలేదు. ఐదో నెలలో, శనక్కాయల చేలో కలుపు తీస్తూ ఉండగా కడుపు నొప్పి మొదలైందట. "అప్పుడు ఎండ అని ఎవురనుకున్యారు నాయనా, దిష్టి తగిలిందనుకున్యాం" అంది. ఆమె విషయంలో కారణం ఎండేనని ఈ రోజు ఎవరూ చెప్పలేరు; ఒక్క గర్భం పోవడానికి వెనుక ఎన్నో కారణాలు ఉండవచ్చు. వందల మందిని ఏళ్ల తరబడి గమనించి, పనిచోట వేడిని కొలిచి, లెక్క కడితేనే ఎండ వాటా ఎంతో బయటపడుతుంది. అలాంటి లెక్క మన పల్లె స్త్రీల విషయంలో ఇంత ఆలస్యంగా మొదలైందన్నది నన్ను బాధించే సంగతి.

వేడి శరీరాన్ని ఎలా దెబ్బతీస్తుందో కొంచెం వివరంగా చూడాలి. మనిషి లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా నిలవాలి. కండరాలు పనిచేసేటప్పుడు ఖర్చయ్యే శక్తిలో ఎక్కువ భాగం వేడిగా మారుతుంది కాబట్టి, ఆ వేడిని బయటికి పంపడానికి గుండె చర్మం వైపు మరింత రక్తాన్ని మళ్లిస్తుంది, చెమట పడుతుంది, చెమట ఆవిరయ్యేటప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. గర్భిణి శరీరంలో పుట్టే వేడి మామూలు కంటే ఎక్కువ. పైగా కడుపులోని బిడ్డ ఉష్ణోగ్రత తల్లి ఉష్ణోగ్రత కంటే సుమారు అర డిగ్రీ ఎక్కువగా ఉంటుంది. బిడ్డ తన వేడిని మాయ ద్వారా తల్లి రక్తంలోకి వదిలించుకోవడం తప్ప వేరే దారి లేదు. తల్లి ఒళ్లే కాగిపోతున్నప్పుడు ఆ తేడా తగ్గిపోతుంది, వేడి దిగే మార్గం మూసుకుపోతుంది. చర్మానికి రక్తం మళ్లినకొద్దీ గర్భసంచికి చేరే రక్తం తగ్గుతుంది. ఒంట్లో నీరు తగ్గితే ఈ కొరత ఇంకా పెరుగుతుంది. చేలో మరుగు లేదన్న కారణంగా పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా బిగబట్టుకొనే స్త్రీలు ఎందరో ప్రతి పల్లెలోనూ కనిపిస్తారు.

ఈ వేడిని కొలిచే పద్ధతిలోనే ఒక చిక్కు ఉంది. భారత వాతావరణ విభాగం మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు, తీర ప్రాంతాల్లో కనీసం 37 డిగ్రీలు ఉండి, సాధారణం కంటే 4.5 డిగ్రీలో అంతకు మించో పెరిగినప్పుడు వడగాడ్పు అని ప్రకటిస్తుంది. నీడలో ఉంచిన ఉష్ణమాపకం చూపే అంకె అది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట పొడి ఎండ గురించినది. చెన్నైని, దాని చుట్టుపక్కల పొలాలను కుంగదీసేది ఉక్క. గాలిలో తేమ నిండిపోతే చెమట కారుతుందే గాని ఆవిరి కాదు. అందుకే వృత్తి ఆరోగ్య నిపుణులు మరో కొలత వాడతారు: తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం చూపే అంకెకు పదింట ఏడు వంతుల బరువు, ఎండలో ఉంచిన నల్లని గోళం లోపలి వేడికి రెండు వంతులు, మామూలు గాలి ఉష్ణోగ్రతకు ఒక్క వంతు ఇచ్చి కలుపుతారు. రోజూ వార్తల్లో మనం వినే గాలి ఉష్ణోగ్రతకు ఈ లెక్కలో దక్కేది ఆ ఒక్క వంతే. వడగాడ్పు ప్రకటన లేని రోజున కూడా నడుం వంచి కలుపు తీసే మనిషికి ఈ కొలత హద్దు దాటిపోవచ్చు.

హద్దు దాటే వేళల్లో చేలో ఎవరుంటారన్నది తర్వాతి ప్రశ్న. దుక్కి, నూర్పిడి వంటి పనులకు ట్రాక్టరు, యంత్రం ముందుగా వచ్చాయి. ఆ పనులు ఎక్కువగా మగవారివి. కలుపు, నాట్లు, కాయ కోత, విత్తనాల వలుపు ఇప్పటికీ చాలా చోట్ల చేతులతోనే సాగుతున్నాయి. ఆ చేతులు ఎక్కువగా ఆడవారివి. ఎండ ముదరక ముందే పని ముగించుకోమని వేసవి హెచ్చరికలన్నీ చెబుతాయి. అది మంచి సలహాయే అయినా, ఉదయం ఐదు నుంచి ఎనిమిది దాకా ఖాళీగా ఉండే మనిషిని ఉద్దేశించి రాసినది. దేశవ్యాప్త కాల వినియోగ సర్వే 2019 లెక్కల్లో, ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, చేసే పురుషులు వెచ్చించేది 97 నిమిషాలు. పాలు పిండడం, నీళ్లు మోయడం, సంగటి కెలకడం, పిల్లలను బడికి పంపడం పూర్తయ్యాకే ఆమె చేను చేరుతుంది. చల్లని పూట వంటింటికి పోతుంది, చేనికి మిగిలేది మండే పూట. వాతావరణ మార్పులో స్త్రీ పురుష భేదం ఎక్కడుందని అడిగేవారికి నేను మొదట చూపించేది ఈ మూడు గంటలనే.

శరీరం తర్వాత కాగితం. 2022–23 నాటి శ్రామిక సర్వే ప్రకారం మన గ్రామాల్లో పనిచేసే స్త్రీలలో నూటికి 76 మంది వ్యవసాయంలో ఉన్నారు. పురుషుల్లో నూటికి 49 మంది. కానీ 2015–16 వ్యవసాయ గణనలో స్త్రీల పేరిట నమోదైన కమతాలు నూటికి 14 మాత్రమే. మన కమతాల్లో 86 శాతం రెండు హెక్టార్ల లోపువి కాబట్టి, ఈ లెక్క ప్రధానంగా సన్న, చిన్నకారు కుటుంబాల లోపలి సంగతి. పట్టా, అడంగల్ అనే మాటలు తెలుగు పల్లెల్లోనూ తమిళ పల్లెల్లోనూ ఒకేలా వినిపిస్తాయి, ఎందుకంటే రెండు చోట్లా బ్యాంకు అప్పుకైనా, పంట నష్టపరిహారానికైనా అధికారులు అడిగేవి ఇలాంటి భూమి కాగితాలే. ఏడాదికి 6,000 రూపాయలిచ్చే పీఎం కిసాన్ భూమి రికార్డుల్లో పేరున్న కుటుంబాలకే వర్తిస్తుంది. కౌలు రైతుల కోసం ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది గాని, ఆ చట్టం ప్రకారం ఇచ్చే సాగుదారు కార్డుకు భూయజమాని ఒప్పుకోలు కావాలి; స్త్రీల బృందాలు నోటిమాట మీద తీసుకొనే కౌళ్లకు ఆ సంతకం దొరకడం కష్టం.

కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కునిచ్చే సవరణను 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఆంధ్రప్రదేశ్ తెచ్చింది, తమిళనాడు 1989లో తెచ్చింది, 2005లో అది దేశమంతటి చట్టమైంది. చట్టంలో హక్కు ఉన్నా రికార్డులో పేరు మారలేదు. చెన్నై తరమణిలో 1988లో పరిశోధనా సంస్థను నెలకొల్పిన ఎం.ఎస్. స్వామినాథన్ ఈ సంగతిని స్పష్టంగా గుర్తించినవారిలో ఒకరు. రాజ్యసభ సభ్యుడిగా ఉండగా మహిళా రైతుల హక్కుల బిల్లును ఆయన ప్రైవేటు బిల్లుగా ప్రవేశపెట్టారు. భూమి ఎవరి పేరిట ఉన్నా, సాగు చేసే స్త్రీకి రైతుగా ధ్రువపత్రం ఇవ్వాలన్నది అందులోని ముఖ్యమైన ఆలోచన. ఆ బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. హరిత విప్లవం పేరుతో ఆయనను తలచుకొనేవారు ఈ బిల్లును కూడా తలచుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

పేరు లేకపోవడానికి ఎంత మూల్యం పడుతుందో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2024లో 24 దేశాల్లోని లక్షకు పైగా గ్రామీణ కుటుంబాల సమాచారంతో లెక్క వేసింది. వడ తాకిడి వల్ల స్త్రీ పెద్దగా ఉన్న కుటుంబాలు, పురుషుడు పెద్దగా ఉన్న కుటుంబాలతో పోలిస్తే ఏటా 8 శాతం అదనపు ఆదాయం కోల్పోతున్నాయి. వరదల వల్ల 3 శాతం. దీర్ఘకాలిక సగటు ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే, ఆ కుటుంబాల మొత్తం ఆదాయం ఇతరులతో పోలిస్తే 34 శాతం తరుగుతుందని కూడా తేలింది. ఎండను తట్టుకొనే విత్తనానికీ, బోరుకూ, బీమాకూ, ఊరు విడిచి పని వెతుక్కోవడానికీ అప్పు పుట్టాలి. అప్పు పుట్టడానికి కాగితం కావాలి.

వేడిని తగ్గించే ప్రయత్నాల్లో కూడా ఇదే చిక్కు ఎదురవుతుంది. నీళ్లు నిలిచిన వరి మడిలో బురదకు ఆక్సిజన్ అందదు. అక్కడ బతికే సూక్ష్మజీవులు మీథేన్‌ను తయారు చేస్తాయి, వరి దుబ్బు లోపలి బోలు గొట్టాల గుండా అది గాలిలోకి వస్తుంది. ఇరవై ఏళ్ల లెక్కలో ఒక టన్ను మీథేన్ సుమారు 80 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. అందువల్ల నాటు వేయకుండా వడ్లు నేరుగా వెదజల్లే పద్ధతి, మడిని మధ్యమధ్య ఆరబెట్టే పద్ధతి ప్రచారంలోకి వస్తున్నాయి. శాస్త్రపరంగా వాటిని కాదనలేం. అయితే నాటు ఆగిపోతే, నాట్ల కాలంలో గుంపుగా కదిలి కూలి మాట్లాడుకొనే స్త్రీలకు ఏడాదిలో నమ్మకంగా దొరికే ఆదాయం కూడా ఆగిపోతుంది. నీరు నిలవని మడిలో కలుపు పెరుగుతుంది. రైతు కలుపు మందు కొడితే వారి పని ఇంకా తగ్గుతుంది, కొట్టకపోతే ఎండలో వంగే రోజులు పెరుగుతాయి. మీథేన్ తగ్గించినందుకు కార్బన్ క్రెడిట్ల డబ్బు వచ్చే రోజున అది భూయజమాని ఖాతాలో పడుతుంది. కూలి కోల్పోయిన వారికి అందులో వాటా ఉండాలని అడగడం న్యాయం. చెన్నై మార్కెట్లకు నెల్లూరు నుంచి వచ్చే బియ్యం తినే మనకు ఈ లెక్కతో నేరుగా సంబంధం ఉంది.

జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు కొర్రలు, సజ్జలు, జొన్నలు, కందులు ఒకే చేలో కలిపి వేసి, ఇంటి విత్తనాన్ని బూడిద, వేపాకు వేసి దాచుకొని, ఒకరికొకరు బదులిచ్చుకుంటూ కరవులను దాటుకొచ్చారు. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సేద్యంలో వానకు ముందే పొడి నేలలో నవధాన్యాలు చల్లే పద్ధతి స్త్రీల పొదుపు సంఘాల ద్వారానే విస్తరిస్తోంది. అక్కడ నాకు ఒక్క సందేహం ఉంది: పేడ, మూత్రం సేకరించి ద్రవ జీవామృతం కలిపే అదనపు పని ఏ పూటలో, ఎవరి మీద పడుతోందో కూడా దిగుబడితో పాటు లెక్కించాలి.

నాకు ఆశ కలిగించిన ప్రయోగం 'సేవా' అనే స్వయం ఉపాధి మహిళల సంఘం చేసినది. 2024 వేసవిలో గుజరాత్, రాజస్థాన్, మహారాష్ట్రల్లో 50 వేల మంది సభ్యులకు ఎండ బీమా వర్తించింది. ఉష్ణోగ్రత నిర్ణీత హద్దు దాటిన రోజుల లెక్కను బట్టి సొమ్ము నేరుగా ఖాతాలో పడింది. దానికి తోడు 40 డిగ్రీలు దాటినప్పుడు 400 రూపాయల సాయం అందింది. డబ్బు పెద్దది కాదు. కానీ పంటను కోసి కొలవనక్కర లేదు, పట్టా చూపనక్కర లేదు. ఎండ తగిలిన మనిషికే పరిహారం. తమిళనాడు ప్రభుత్వం 2024 అక్టోబరులో వడగాడ్పును రాష్ట్ర స్థాయి విపత్తుగా ప్రకటించి, వడదెబ్బతో మరణించిన వారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామంది. ప్రాణం పోకముందు కోల్పోయిన కూలి, చెడిన ఆరోగ్యం, నిలవని గర్భం ఇంకా ఆ లెక్కలోకి రాలేదు.

మొన్న ఫోన్ చేసినప్పుడు పిన్నమ్మ శనక్కాయల చేలో కలుపు తీత నడుస్తోందని చెప్పింది. ఈసారి పొద్దుటే పాలు పిండి కేంద్రంలో పోసి రావడం, బిందెలు నింపడం కొడుకు చేస్తున్నాడట. సంగటి రాత్రే కెలికిపెట్టుకొని ఆమె, కోడలు ఆరింటికల్లా చేలోకి దిగి, పదిన్నరకు ఇల్లు చేరుతున్నారు. కోడలికి ఇప్పుడు నాలుగో నెల. చిన్నాన్న పోయి మూడేళ్లయినా, పట్టా ఇంకా ఆయన తండ్రి పేరు మీదే ఉంది.