ఇన్‌టేక్ ఫ్లాంజ్ కోయించుకునే ముందు: అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో మా షెడ్డుకు వచ్చే పని చాలావరకు రొయ్యల చెరువుల ఏరేటర్లదీ, ట్రాక్టర్లదీ. నడుమ అప్పుడప్పుడూ ఒక కుర్రాడు పాత కారు గ్యాస్కెట్ (రెండు భాగాల మధ్య గాలి కారకుండా పెట్టే పలుచని అట్ట) చేత పట్టుకుని వస్తాడు. ఇంజిన్ సిలిండర్లకు గాలి పంచే పైపుల కూర్పు, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్, సొంతంగా కట్టుకుంటున్నాడు. ఆ పైపులను అతికించి, ఇంజిన్ పైభాగమైన సిలిండర్ హెడ్‌కు బిగించే రంధ్రాల పలక, అంటే ఫ్లాంజ్, కోసి ఇవ్వాలి. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. వచ్చిన ప్రతివారికీ చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: గ్యాస్కెట్ ఇస్తే చాలు, దానిమీద గీసి కోసేయవచ్చు.

గ్యాస్కెట్ అంచు గాలి దారిలోకి పొడుచుకు రాకూడదు. అందుకే దాని రంధ్రాన్ని సాధారణంగా హెడ్‌లోకి గాలి వెళ్లే రంధ్రం, అంటే పోర్టు, కంటే కాస్త పెద్దదిగా కొడతారు. దాన్నే గీసి కోస్తే ఫ్లాంజ్ పోర్టు హెడ్ పోర్టును మించిపోతుంది, లోపలికి వెళ్లే గాలి అక్కడ గట్టుకు కొట్టుకుంటుంది. పైగా పాతది నలిగి, సాగి ఉంటుంది.

ఫోనులో తీసిన ఫొటోతో ఇంకా ప్రమాదం. కావలి నుంచి ఒక తమ్ముడు పక్కన స్కేలు పెట్టి మరీ ఫొటో పంపాడు. నమ్మి కోశాను. నడిమి స్టడ్లు (హెడ్ నుంచి పొడుచుకొచ్చే మర కడ్డీలు) చక్కగా దిగాయి, చివరి స్టడ్ దగ్గర రంధ్రం 3 మిల్లీమీటర్లు తప్పింది. కెమెరా కొంచెం వాలినా దూరపు కొస కురచగా పడుతుంది. తప్పు నాదే కాబట్టి ప్లేటు ఖర్చు నేనే భరించాను. అప్పటి నుంచి హెడ్ తెమ్మంటున్నాను. తేలేనివారు హెడ్ ముఖం మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్ది, స్టడ్ల మధ్య దూరాలు వెర్నియర్‌తో కొలిచి రాసి పంపాలి. ముందు అట్ట నమూనా కోసి బస్సు పార్సిల్‌లో పంపుతాను. అది స్టడ్ల మీద సరిగ్గా కూర్చుంటేనే లోహం జోలికి వెళతాను.

అపోహ: ఇనుమైతే గట్టిది, అల్యూమినియం నిలవదు.

మీరు అతికించబోయే పైపు ఏదో, ఫ్లాంజ్ కూడా అదే కావాలి. ఈ రెండు లోహాలూ మామూలు వెల్డింగ్‌తో ఒకదానికొకటి అతకవు. 400 మి.మీ. పొడవు, 90 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. మందం ఉన్న ముక్క రంధ్రాలు తీయకముందు ఇనుములో దాదాపు 3.4 కిలోలు, అల్యూమినియంలో 1.2 కిలోలు తూగుతుంది. వేడికి సాగడంలోనూ తేడా ఉంది. 80 డిగ్రీలు వేడెక్కితే ఆ పొడవు అల్యూమినియంలో సుమారు 0.74 మి.మీ. పెరుగుతుంది, ఇనుములో అందులో సగం. అందుకే అల్యూమినియం హెడ్‌కు ఇనుప ఫ్లాంజ్ అడిగితే నడిమి రంధ్రాలు బిగువుగా ఉంచి, చివరివి కాస్త వదులుగా తీస్తాను.

పాత ఇనుప సామాను కొట్లో దొరికిన అల్యూమినియం ముక్క మాత్రం తీసుకురావద్దు. అల్యూమినియంలో 6061, 5083 రకాలు టిగ్ వెల్డింగ్‌కు (జడవాయువు రక్షణలో విద్యుత్ ఆర్క్‌తో చేసే అతుకు) బాగుంటాయి. 7075 ఎంత గట్టిదైనా వెల్డింగ్ చేస్తే పగుళ్లిస్తుంది. ఏది ఏ రకమో కంటికి తెలియదు.

అపోహ: లేజర్‌తో కోసిన ప్లేటు చదునుగా ఉంటుంది, పైపులు అతికించి బిగించడమే.

నన్ను అన్నిటికంటే బాధపెట్టే అపోహ ఇది. కోసినప్పుడు చదునుగానే ఉంటుంది. నాలుగు పైపులు ఒకే వైపు అతికించాక వెల్డింగ్ చల్లారుతూ ముడుచుకుని ప్లేటును లాగేస్తుంది, అరటికాయలా వంగుతుంది. నడుమ హెడ్‌కు తగులుతుంది, రెండు కొసలూ పైకి లేస్తాయి. ఒంగోలు నుంచి వచ్చిన ఒక ఫ్లాంజ్ కొస కింద సందు కొలిచే ఫీలర్ గేజ్‌లోని 0.6 మి.మీ. రేకు అడ్డం లేకుండా దూరిపోయింది. కట్టిన కుర్రాడి ముఖం చూడలేకపోయాను. రెండు నెలల శ్రమ అది.

వెల్డింగ్‌కు ముందే ఫ్లాంజ్‌ను మందపాటి ఇనుప దిమ్మకో, పనికిరాని హెడ్‌కో బోల్టులతో బిగించండి. ఒక్కో పైపు దగ్గర అంగుళం చొప్పున, అటొకటి ఇటొకటి వేయండి. పూర్తిగా చల్లారేదాకా విప్పవద్దు. ఆ తర్వాత హెడ్‌కు తగిలే ముఖాన్ని మిల్లింగ్ యంత్రంలో చదునుగా కోయించాలి. 8 మి.మీ. చాలని వచ్చినవారికి 12 చెప్పేది అందుకే, ఆ కోతకు లోహం మిగలాలి.

చీమకుర్తి రాయి పలక మీద పెట్టి చూశాం, చదునుగానే ఉందంటారు కొందరు. ఆ నల్లరాయి అందం నాకూ ఇష్టమే. కానీ ఇంటి గచ్చుకు పాలిష్ చేసిన పలక అద్దంలా మెరిసినా కొలతకు పనికిరాదు. కొలతల రాయిని ప్రత్యేకంగా అరగదీసి, తేడా మైక్రాన్లలో ఉండేలా తయారుచేస్తారు.

అపోహ: సందు ఉంటే సిలికాన్ పేస్టు పూస్తే సరి.

మామూలు సిలికాన్ పెట్రోలు ఆవిరికి ఉబ్బి ఊడుతుంది, ఆ ముక్కలు ఇంజిన్‌లోకి పోతాయి.

అపోహ: కిలో లెక్కన రేటు కట్టవచ్చు.

లోహానికి కట్టవచ్చు. కోతకు అంచు పొడవు, కొలతలకూ మిల్లింగ్‌కూ పట్టిన సమయం లెక్క.

రోడ్డు మీద తిరిగే కారు మాటేమిటని అడుగుతారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు చెప్పిన వాటితో తేడా పడేలా బండిని మార్చకూడదు. నేను ట్రాక్ కార్లకూ, ఇంజనీరింగ్ కాలేజీల ఫార్ములా పోటీ బండ్లకూ మాత్రమే కోస్తాను.

బండికి ఎక్కించే ముందు బల్ల మీదే పరీక్ష చేయండి. పోర్టులన్నీ రబ్బరు షీటు, ఒక ప్లేటు పెట్టి మూసి, కొద్దిపాటి గాలి నింపి, అతుకుల మీద సబ్బు నీళ్లు పూయండి. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, మానిఫోల్డ్ లోపలి ఒత్తిడి బయటి గాలిలో సగానికంటే తక్కువే ఉంటుంది కాబట్టి బుడగ వచ్చిన ప్రతి చోటా రేపు ఇంజిన్ లెక్కలో లేని గాలిని పీల్చుకుంటుంది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టి తీసుకురండి.