డీజిల్ పికప్ మైలేజీ: బిగించే వస్తువుల మీద అపోహలు, షెడ్డులో చూసిన వాస్తవాలు

"అన్నా, ఇది బిగిస్తే లీటరుకి ఎంత పెరుగుద్ది?"

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చే పికప్ డ్రైవర్లలో వారానికి ఇద్దరైనా ఫోన్‌లో ఏదో వీడియో చూపించి ఈ మాట అడుగుతారు. చేపలు, మామిడికాయలు, సిమెంటు తోలుకుని బతికేవాళ్లు. ఫైనాన్స్ కిస్తీ, డీజిల్ పోగా మిగిలిందే ఇంటికి వెళ్తుంది. అలాంటివాళ్ల చేత ఐదు వేలు పెట్టించి పనికిరాని డబ్బా బిగించడానికి నాకు మనసొప్పదు. ఇరవై ఏళ్లుగా డీజిల్ బండ్లు విప్పి, బిగించి తెలుసుకున్నది రాస్తున్నాను. నా దగ్గరికి మైలేజీ లేదని వచ్చిన బండ్లలో ఎక్కువ వాటికి కొత్తగా ఏదీ పెట్టాల్సిన పని పడలేదు. ఎవరో తీసేసినదాన్ని తిరిగి పెట్టాల్సి వచ్చింది.

అపోహ: చిప్పు పెట్టాక మీటర్‌లో మైలేజీ పెరిగింది, అంటే డీజిల్ మిగిలినట్టే.

డాష్‌బోర్డు మీద కనిపించే అంకె డీజిల్‌ని కొలిచి చెప్పేది కాదు. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లలో ఏది ఎంతసేపు తెరుచుకోవాలో ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, ఆదేశం ఇస్తుంది, ఆ ఆదేశాల లెక్క మీద మైలేజీని అంచనా కడుతుంది. చిప్పు పేరుతో మార్కెట్లో దొరికే ట్యూనింగ్ బాక్సుల్లో చాలావరకు, ఇంజెక్టర్లకి వెళ్లే డీజిల్ ఒత్తిడిని కొలిచే రైల్ ప్రెషర్ సెన్సర్‌కీ ఈసీయూకీ మధ్యలో కూర్చుంటాయి. ప్రెషర్ ఉన్నదానికన్నా తక్కువగా ఉందని ఈసీయూకి చెబుతాయి. అది నమ్మి ఈసీయూ ప్రెషర్ పెంచుతుంది. ఇంజెక్టర్ తెరుచుకునే సమయం అంతే ఉన్నా లోపలికి ఎక్కువ డీజిల్ పడుతుంది. బండికి ఊపు వస్తుంది, అందులో అబద్ధం లేదు. కానీ అదనంగా పడిన డీజిల్ ఈసీయూ లెక్కలోకి రాదు కాబట్టి డిస్‌ప్లేలో మైలేజీ బాగున్నట్టే కనిపిస్తుంది. తేడా బంకులో తెలుస్తుంది.

స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్‌కి (మెకానిక్ స్కానర్ పెట్టే చోటు) గుచ్చే చవక చిప్పుల సంగతి వేరు. మా దగ్గరికి వచ్చినవి రెండు విప్పి చూశాను. ఒక చిన్న ఐసీ, మూడు లైట్లు, ఒక బటన్. ఈసీయూతో మాట్లాడాల్సిన పిన్నుల నుంచి ఆ ఐసీకి వైరింగే లేదు. లైట్లు వెలుగుతాయి, అంతకుమించి ఏమీ జరగదు. అయినా కొందరికి మొదటి వారం మైలేజీ పెరుగుతుంది. ఎందుకంటే కొత్తది పెట్టామని మెల్లగా తోలుతారు, ప్రతి కిలోమీటరూ చూసుకుంటారు. ఆ లాభం చిప్పుది కాదు, డ్రైవర్ కాలిది.

పని తెలిసినవాళ్లు ల్యాప్‌టాప్ పెట్టి చేసే అసలైన రీమ్యాప్‌తో, అంటే ఈసీయూలోని ప్రోగ్రాం మార్చడంతో, కొద్దిపాటి తేడా రావచ్చు. అది చేయించాక వారంటీ అడగడానికి ఉండదని తెలుసుకుని చేయించుకోండి.

ఏది పెట్టినా, తీసినా కొలవడం మాత్రం ఒకటే పద్ధతి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, బండిని ఒకే చోట నిలిపి ట్యాంక్ ఫుల్ చేయించండి. నాజిల్ తనంతట తాను మొదటిసారి ఆగగానే ఆపేయాలి, పైన కుక్కించొద్దు. 400 కిలోమీటర్లు తోలి మళ్లీ అలాగే కొట్టించండి. బిగించకముందు మూడుసార్లు, బిగించాక మూడుసార్లు. ప్రతిసారీ ఎంత లోడ్, ఏ రూటో కాగితం మీద రాసుకోండి. ఒక్క ట్యాంకు లెక్కతో ఏదీ తేలదు. బంకు మీద అనుమానముంటే 5 లీటర్ల కొలత క్యాన్‌తో పట్టి చూపించమని అడగండి. దానికి 25 మిల్లీలీటర్ల వరకే తేడా ఒప్పుకుంటారు. అడగడం మీ హక్కు.

అపోహ: నీళ్ల నుంచి హైడ్రోజన్ తీసే కిట్ పెడితే డీజిల్ సగానికి తగ్గుతుంది.

దీని లెక్క నేనే వేసి గోడ మీద రాసిపెట్టాను, ఇక్కడా చెబుతాను. కిట్ 20 ఆంపియర్లు లాగుతుందనుకోండి, లోపల ఆరు సెల్స్ వరుసగా ఉన్నాయనుకోండి. కరెంటు కొంచెం కూడా వృథా కాకుండా పనిచేసినా గంటకి 50 లీటర్ల హైడ్రోజన్ వాయువు వస్తుంది. వినడానికి చాలా ఎక్కువ. అందులో ఉన్న శక్తి సుమారు 15 మిల్లీలీటర్ల డీజిల్‌లో ఉన్నంతే, కాఫ్ సిరప్ మూతతో రెండు మూతలు. ఇక ఆ కరెంటు ఎక్కడిది? ఆల్టర్నేటర్ ఇస్తుంది, దాన్ని ఇంజినే తిప్పాలి. ఆల్టర్నేటర్‌లో దాదాపు సగం, ఇంజిన్‌లో మూడింట రెండు వంతులు వేడిగా పోతాయి. ఆ 20 ఆంపియర్ల కోసం గంటకి 140 మిల్లీలీటర్ల దాకా డీజిల్ కాలుతుంది. 140 కాల్చి 15 తెచ్చుకోవడం! ఇది నీళ్లతో నడిచే బండి కాదు తమ్ముడూ, డీజిల్‌తో నీళ్లు కాచే బండి.

డీజిల్ పైపుకి చుట్టే అయస్కాంతాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అయస్కాంతం డీజిల్‌ని ఏమీ చేయదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇంధనం ఆదా చేస్తాయని అమ్మే ఇలాంటి పరికరాలను వందకు పైగా పరిశీలించింది. ఎంతోకొంత పనిచేసినవి బహు కొద్ది, వాటిలోనూ లాభం స్వల్పం.

అపోహ: థర్మోస్టాట్ తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుంది, ఫ్యాన్ డైరెక్ట్ చేస్తే ఇంకా మంచిది.

ఇది మా మెకానిక్కుల్లోనే పాతుకుపోయిన అపోహ, అందుకే దీని గురించి ఎక్కువ బాధ. బండి వేడెక్కుతోందని రాగానే థర్మోస్టాట్ పీకేసి పంపడం చాలా షెడ్లలో అలవాటు.

థర్మోస్టాట్ ఇంజిన్‌ని వేడెక్కించే వస్తువు కాదు. నీళ్లు దాదాపు 80 డిగ్రీలకి చేరేదాకా రేడియేటర్ వైపు వెళ్లకుండా ఆపి, ఆ తర్వాత దారి వదులుతుంది. అది లేకపోతే చల్లటి నీళ్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. తెల్లవారుజామున చలిలో లోడ్ ఎత్తుకుని బయల్దేరిన బండి గమ్యం చేరేదాకా సరైన వేడికి రాదు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ చల్లటి ఇంజిన్‌కి తగ్గట్టే డీజిల్ పంపుతుంది. చల్లటి సిలిండర్ గోడల దగ్గర డీజిల్ పూర్తిగా కాలదు, మిగిలింది రింగుల పక్కనుంచి జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పల్చబడి బేరింగులు అరుగుతాయి. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తీస్తే బైపాస్ దారి తెరిచే ఉండిపోతుంది. కొంత నీరు రేడియేటర్‌లోకి వెళ్లకుండానే తిరిగొచ్చి, చల్లబడాల్సిన బండి ఎండాకాలంలో మరింత వేడెక్కుతుంది.

ఫ్యాన్ సంగతీ అంతే. విస్కస్ కప్లింగ్ ఉన్న ఫ్యాన్ వేడి పెరిగినప్పుడే గట్టిగా తిరుగుతుంది. లోపలి సిలికాన్ ఆయిల్ కారిపోతే అది పట్టు వదిలేస్తుంది. కొత్త కప్లింగ్ ఖరీదని బోల్టులు వేసి డైరెక్ట్ చేసేస్తారు. ఇక హైవే మీద గాలి దానంతటదే తగులుతున్నా ఫ్యాన్ ఇంజిన్‌తో సమానంగా తిరుగుతూనే ఉంటుంది. ఆర్‌పీఎం రెట్టింపైతే ఫ్యాన్ తినే శక్తి ఎనిమిది రెట్లవుతుంది.

కైకలూరు నుంచి చేపలు తోలే ఒక తమ్ముడి బండికి ఈ రెండూ జరిగాయి. అప్పటికే ఒక చిప్పు, డీజిల్‌లో కలిపే ఒక అడిటివ్ కొని చూశాడు. మేం రేడియేటర్ దింపి చూస్తే బోరు నీళ్ల ఉప్పు సున్నంలా పేరుకుని ఉంది. అసలు జబ్బు అది. రేడియేటర్ క్లీన్ చేయించి, కూలెంట్ పోసి, థర్మోస్టాట్, కప్లింగ్ కొత్తవి వేశాం. అదే రూట్లో, అదే లోడ్‌తో మూడు ట్యాంకులు రాసి తెచ్చాడు. లీటరుకి కిలోమీటరుకు పైనే పెరిగింది. కంపెనీ ఇచ్చినవి ఇచ్చిన చోట పెట్టడం తప్ప మేం చేసింది ఏమీ లేదు.

అపోహ: ఇంజిన్ డీజిల్ పంపు దగ్గర స్క్రూ తిప్పి డీజిల్ తగ్గిస్తే మైలేజీ పెరుగుతుంది.

పాత మెకానికల్ పంపు బండ్ల మాట ఇది. ఆ స్క్రూ తగ్గించేది ఫుల్ లోడ్‌లో పడే గరిష్ఠ డీజిల్‌నే. బండి నల్లగా పొగ వదులుతుంటే తగ్గించాలి, లాభం ఉంటుంది. పొగ లేని బండికి తగ్గిస్తే ఊపు పోయి, ప్రతి ఎత్తుకీ ఒక గేరు కిందికి వేయాల్సి వస్తుంది, మిగిలిందంతా అక్కడ పోతుంది. సీఆర్‌డీఐ బండి, అంటే ఈసీయూతో డీజిల్ పడే కొత్త రకం, ఉన్నట్టుండి నల్లపొగ వదిలితే ముందు గాలి నెట్టే టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్లే రబ్బరు హోస్ చీలిందేమో చూడండి.

అపోహ: డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) తీసేసి, ఈజీఆర్ (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు) మూసేస్తే మైలేజీకి మంచిది, ఎవరికీ నష్టం లేదు.

మొదటి సగం పూర్తిగా అబద్ధమని నేను చెప్పను. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్6 బండ్లలో డీపీఎఫ్ ఉన్నవి, లోపల మసి నిండినప్పుడు దాన్ని కాల్చడానికి అదనంగా కొంత డీజిల్ వాడతాయి. తీసేస్తే అది మిగులుతుంది. రెండో సగమే తప్పు. ఆ మసి మన ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ముందుగా పీల్చేది బండి వెనక నిలబడి లోడ్ ఎత్తే హమాలీలు. అమెరికాలో పదేళ్లలో ఐదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్‌లకు ఇలా తీసేశారని అక్కడి పర్యావరణ సంస్థ 2020లో లెక్క తేల్చింది. ఈ వీడియోలు ఎక్కువగా వచ్చేది అక్కడి నుంచే. అక్కడా అది చట్టవిరుద్ధమే.

మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. డీపీఎఫ్ తరచూ నిండుతోందంటే తక్కువ దూరాలు తిప్పుతున్నారేమో, గంటలకొద్దీ ఐడిల్‌లో ఉంచుతున్నారేమో, బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్‌కి బదులు మామూలుది పోశారేమో చూడాలి.

అపోహ: కొత్త టైర్లు వేయగానే మైలేజీ పడిపోయింది, టైర్లు మంచివి కావు.

టైరు అరిగేకొద్దీ దాని చుట్టుకొలత తగ్గుతుంది. వ్యాసార్థంలో 6 మిల్లీమీటర్లు అరిగితే ఓడోమీటర్ నిజానికన్నా సుమారు రెండు శాతం ఎక్కువ దూరం చూపిస్తుంది. అంటే మీ పాత మైలేజీయే కొంచెం పెంచి చూపించింది. పెద్ద సైజు టైర్లు వేసినా ఇదే గొడవ, తిరగేసి. గాలి మాత్రం ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడు, స్టిక్కర్ మీద ఉన్నంత, లోడ్‌కి తగ్గట్టు చూసుకోండి. ఇంత తక్కువ ఖర్చుతో మైలేజీ ఇచ్చేది ఇంకోటి లేదు.

క్యాబిన్ కన్నా ఎత్తుగా బాడీ కట్టించిన బండికి, క్యాబిన్ మీద గాలి మళ్లించే డిఫ్లెక్టర్ నిజంగా పనిచేస్తుంది. నేను ఇష్టంగా చెప్పే మార్పు ఇదొక్కటే, అదీ ఆర్టీఏ నిబంధనలకు లోబడి. హైవే మీద 60 నుంచి 80కి వెళ్తే గాలి వెనక్కి నెట్టే బలం 1.8 రెట్లవుతుంది. టార్పాలిన్ వదులుగా కొట్టుకోకుండా లాగి కట్టడం కూడా ఆ లెక్కలోదే.

అపోహ: ఘాట్‌లో న్యూట్రల్‌లో దించితే డీజిల్ మిగులుతుంది.

గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి, ఇంజెక్టర్లు డీజిల్ ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ కాలుతూనే ఉంటుంది. అంటే గేరులో దిగడమే ఆదా. కొందరు ఇంజిన్ కూడా ఆపేస్తారు. అప్పుడు రెండు మూడుసార్లు నొక్కేసరికి బ్రేకు బూస్టర్‌లో వాక్యూమ్ అయిపోతుంది, పెడల్ రాయిలా గట్టిపడుతుంది, పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది. శ్రీశైలం ఘాట్‌లోనో, అరకు నుంచి అనంతగిరి మీదుగానో టన్నున్నర లోడ్‌తో దిగుతూ ఆ పని చేయొద్దు. దయచేసి చేయొద్దు.

చదును రోడ్డు మీద బ్రేకు పెద్దగా వాడకుండా ఇరవై కిలోమీటర్లు తోలి ఆగినప్పుడు మాత్రం ఒక పని చేయండి. నాలుగు చక్రాల హబ్బుల దగ్గరికి, తగలకుండా, అరచెయ్యి పెట్టి చూడండి. ఒకటి మిగతా మూడింటికన్నా ఎక్కువ కాగుతుంటే ఆ చక్రానికి బ్రేకు పట్టేస్తోందన్నమాట. జాకీ ఎత్తి చేత్తో తిప్పితే తెలిసిపోతుంది. ఆ బండికి ఏ చిప్పు పెట్టినా లాభం లేదు, ముందు ఆ డ్రమ్ము విప్పించండి.